స్టార్ ట్రెక్ రాసినవాళ్ల మీద తెలుగులో పాడ్‌కాస్ట్ పెట్టాలంటే

అంతరిక్ష నౌకలో తిరిగేవాళ్ల కథలు చెప్పే అమెరికన్ టీవీ షో స్టార్ ట్రెక్ మీద ఇంగ్లీషులో పాడ్‌కాస్టులకు కొదవ లేదు. వాటిలో చాలావాటి వరస ఒకటే: ఎపిసోడ్ చూడటం, కథ మొదటినుంచీ చెప్పుకు రావడం, మధ్యలో నాలుగు జోకులేయడం, చివర్న పదికి ఇన్ని మార్కులని తేల్చేయడం. అదే తెలుగులో చేస్తే వినేవాళ్లు ఉండరని కాదు, కానీ నెల తిరిగేసరికి మీకే విసుగొస్తుంది. దానికి బదులు ఆ కథలు రాసినవాళ్ల వెంట పడండి. ఆ ఓడలో ఉండే సగం వల్కన్ గ్రహవాసి స్పాక్‌కి అమ్మానాన్నల్ని ఇచ్చింది ఎవరు, శత్రుజాతి క్లింగాన్లు ఎవరి టైప్‌రైటర్లోంచి ఊడిపడ్డారు, విలన్ ఖాన్ మొదటి రాతలో అసలు ఖానేనా, ఇలాంటివి తవ్వేకొద్దీ సరుకు దొరుకుతూనే ఉంటుంది. ఎందుకంటే అమెరికన్ టీవీలో ఒక స్క్రిప్టు ఒక్కరితో పూర్తికాదు, నలుగురైదుగురి చేతులు పడతాయి, తెరమీద మాత్రం ఒకటో రెండో పేర్లే పడతాయి. ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో ఆధారంతో పట్టుకోవడమే మీ షో అనుకోండి. మైకులూ సాఫ్ట్‌వేర్లూ తర్వాత చూద్దాం, అవి తేలిక.

ముందు గిరి గీసుకోండి

"స్టార్ ట్రెక్ మొత్తం చెప్పేస్తాం" అని బయల్దేరితే మునిగిపోతారు. 1966 సెప్టెంబర్ 8న ఎన్‌బీసీలో మొదలై 1969 జూన్ 3న ఆగిపోయిన పాత సిరీస్ ఒక్కటే తీసుకోండి. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు, చాలు. అందులోంచి మొదటి విడతకి ఆరుగురు రచయితల్ని ఎంచుకోండి. నన్నడిగితే ఈ వరసలో వెళ్లమంటాను.

మొదట డి.సి. ఫాంటానా. పూర్తి పేరు డొరొతీ కేథరిన్. ఆడమనిషి రాసిందని తెలిస్తే స్క్రిప్టుని చదవకుండానే ఒక అభిప్రాయానికి వచ్చేస్తారని ఇనిషియల్స్ వాడారు. షో సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ దగ్గర సెక్రటరీగా ఉండి, అదే షోకి స్టోరీ ఎడిటర్ అయ్యారు. స్పాక్ తల్లిదండ్రులు సారెక్, అమాండా తెరమీదికి వచ్చిన "జర్నీ టు బేబెల్" (1967) ఆవిడ రాసిందే. తర్వాత జీన్ కూన్. మొదటి సీజన్ మధ్యలో నిర్మాతగా వచ్చి, చకచకా రాస్తూ, వేరేవాళ్లవి తిరగరాస్తూ షోని నిలబెట్టిన మనిషి. క్లింగాన్లు మొదట కనబడే "ఎరండ్ ఆఫ్ మెర్సీ" ఆయనదే, గనిలో మనుషుల్ని చంపుతున్న రాకాసి చివరికి తన గుడ్లని కాపాడుకుంటున్న తల్లి అని తేలే "ది డెవిల్ ఇన్ ది డార్క్" కూడా ఆయనదే. 1973లోనే చనిపోయారు కాబట్టి ఆయన ఇంటర్వ్యూలు దొరకడం కష్టం, అందుకే ఫ్యాన్స్‌లో కూడా చాలామందికి ఆయన పేరు తెలియదు. మీ షోకి అసలైన గని ఆయనే.

మూడు, నాలుగు, ఐదు: థియొడోర్ స్టర్జన్ (అప్పటికే పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత, మనకి వల్కన్ గ్రహాన్ని మొదటిసారి చూపించిన "అమాక్ టైమ్" రాశారు), హార్లన్ ఎల్లిసన్ (ఈయన గొడవ గురించి కింద వివరంగా చెప్తాను), డేవిడ్ జెరాల్డ్ ("ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్" 1967 డిసెంబర్ 29న వచ్చేనాటికి ఇరవైమూడేళ్ల కుర్రాడు). ఆఖర్న రాడెన్‌బెరీ. ఆయన సృష్టికర్త, అందులో రెండో మాట లేదు, కానీ ఆయనతో మొదలుపెడితే మిగతా ఐదుగురి కష్టమూ ఆయన ఖాతాలో పడిపోతుంది. ఐదుగురి పనీ విన్నాక ఆయన దగ్గరికి వస్తే, ఆయన చేసింది ఎంత, చేశానని చెప్పుకున్నది ఎంత అన్నది వినేవాళ్లకే అర్థమవుతుంది.

తెరమీద పేర్లు చదవడం నేర్చుకోండి

మన సినిమా టైటిల్స్‌లో కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, మాటలు మూడో మనిషివి అని వేస్తారు కదా, అక్కడా అలాంటి లెక్కే ఉంది, కాకపోతే దాన్ని రైటర్స్ గిల్డ్ అనే రచయితల సంఘం నియమాల ప్రకారం తేలుస్తారు. "స్టోరీ బై" అంటే కథ వరకే. "టెలిప్లే బై" అంటే సీన్లూ మాటలూ. రెండూ ఒకరే చేస్తే "రిటన్ బై". ఇద్దరి పేర్ల మధ్య ఆంపర్‌శాండ్ (&) గుర్తు ఉంటే కలిసి కూర్చుని రాశారని, "అండ్" అని అక్షరాల్లో ఉంటే ఒకరి తర్వాత ఒకరు విడివిడిగా రాశారని ఇప్పటి పద్ధతి. 1960ల షోలకి ఈ గుర్తునొక్కదాన్నే నమ్ముకోకండి, వేరే ఆధారం కూడా చూసుకోండి.

"స్పేస్ సీడ్" (1967 ఫిబ్రవరి 16) తీసుకుందాం. కథ కేరీ విల్బర్, టెలిప్లే జీన్ కూన్, కేరీ విల్బర్. విల్బర్ మొదటి రాతలో విలన్ పేరు హెరాల్డ్ ఎరిక్సన్, ఉత్తర ఐరోపా మనిషి. చేతులు మారి, తిరగరాతలు జరిగి, మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్‌బాన్ ఆ వేషానికి వచ్చేసరికి అతను ఖాన్ నూనియన్ సింగ్ అయ్యాడు, ఉత్తర భారతం నుంచి వచ్చిన సిక్కు అయి ఉంటాడని ఓడలో ఉన్న చరిత్రకారిణి చేత అనిపించారు. గడ్డం లేదు, తలపాగా లేదు, ఇంటిపేరు చోట సింగ్, ముందు ఖాన్! ఇంగ్లీషు పాడ్‌కాస్టులు ఇక్కడ పెద్దగా ఆగవు. మీరు ఆగండి. ఈ పేరు ఎవరు పెట్టారు, ఏ డ్రాఫ్టులో మారింది, అది చదివి ఎవరైనా అభ్యంతరం చెప్పారా అన్నది మన శ్రోతలు కచ్చితంగా అడిగే ప్రశ్న, దానిమీద ఒక ఎపిసోడంతా నడపొచ్చు.

మారుపేర్ల సంగతి కూడా చూసుకోవాలి. మూడో సీజన్లో లీ క్రోనిన్ అని కనిపిస్తే అది కూన్. అప్పటికి వేరే స్టూడియోతో ఒప్పందంలో ఉన్నారు కాబట్టి సొంతపేరు వేసుకోలేదు. సిరీస్ మొత్తమ్మీద అధ్వాన్నం అని ఫ్యాన్స్ తిట్టుకునే "స్పాక్స్ బ్రెయిన్" ఆ పేరు మీదే ఉంది, "ది డెవిల్ ఇన్ ది డార్క్" రాసిన చెయ్యే అదీ రాసింది. మైకేల్ రిచర్డ్స్ అని ఉంటే ఫాంటానా. తన రాతని మార్చిన తీరు నచ్చక ఆవిడ పేరు తీసేయమన్న సందర్భం అది. వెబ్‌సైట్లలో జాబితా కాపీ కొట్టి చదివేస్తే ఇలాంటివన్నీ జారిపోతాయి.

కాబట్టి ఒక ఎక్సెల్ షీట్ పెట్టుకోండి. ఎపిసోడ్ పేరు, ప్రసారమైన తేదీ, తెరమీద పడ్డ పేరు, అసలు మనిషి, డ్రాఫ్టుకీ తెరకీ మధ్య ఏం మారింది, చివరి గడిలో "ఈ సంగతి మనకెలా తెలుసు". ఆ చివరి గడి ఖాళీగా ఉన్న విషయాన్ని మైకు ముందు చెప్పకండి, ఎంత బాగున్నా సరే.

ఆధారాలు ఎక్కడ

టెలివిజన్ అకాడమీ ఫౌండేషన్ వాళ్లు పాతతరం టీవీ మనుషులతో గంటల తరబడి చేసిన వీడియో ఇంటర్వ్యూలు ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టారు, ఫాంటానాది కూడా ఉంది. 2019 డిసెంబర్లో ఆవిడ పోయారు కాబట్టి ఇప్పుడు మనకున్న ఆస్తి అలాంటివే. జెరాల్డ్ 1973లో తన ట్రిబుల్స్ స్క్రిప్టు ఎలా పుట్టి ఎలా మారిందో ఒక పుస్తకమే రాశారు. ఒక కొత్త రచయిత ఐడియా పంపడం దగ్గర్నుంచి షూటింగ్ దాకా అందులో ఉంటుంది, వేరే ఏదీ చదవకపోయినా అది చదవండి. ఎల్లిసన్ తన మొదటి స్క్రిప్టుని పెద్ద కోపపు ముందుమాటతో 1990ల్లో అచ్చు వేయించారు. అసలు కాగితాలు కావాలంటే లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్ఏ లైబ్రరీలో రాడెన్‌బెరీ ఇచ్చిన స్టార్ ట్రెక్ ఫైళ్లు ఉన్నాయి, అదే ఊళ్లో రైటర్స్ గిల్డ్ ఫౌండేషన్ లైబ్రరీలో టీవీ స్క్రిప్టులు కూర్చుని చదువుకోవచ్చు. మనవాళ్లు కాలిఫోర్నియాలో లేని వీధి ఉందా? ఆ ఊళ్లో ఉన్న ఏ కజిన్‌నో ఒక శనివారం బతిమాలుకోండి, ముందుగా ఆ లైబ్రరీకి రాసి, ఏ రోజుల్లో తీస్తారో, ఏ పెట్టె కావాలో, ఫోటోలు తీయనిస్తారో లేదో కనుక్కుని మరీ పంపండి.

దొరికినవాటిని తూచడం ముఖ్యం. ఆ రోజుల్లో టైపు చేసిన మెమోకి ఎక్కువ విలువ, ముప్పై ఏళ్ల తర్వాత స్టేజీ మీద చెప్పిన జ్ఞాపకానికి తక్కువ విలువ. మంచి కథలు చెప్పేవాళ్లు చెప్పేకొద్దీ ఇంకాస్త మంచిగా చెప్తారు, అందులో రాడెన్‌బెరీ, ఎల్లిసన్ ఇద్దరూ ఘనులే.

ఒక ఎపిసోడ్ అల్లి చూద్దాం

"ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్", 1967 ఏప్రిల్ 6. పేరు ఒక్క ఎల్లిసన్‌దే పడింది. కానీ ఆయన రాసిచ్చాక స్టీవెన్ కరాబాట్సోస్, కూన్, ఫాంటానా, రాడెన్‌బెరీ వరసగా చేతులు పెట్టారు. ఎల్లిసన్‌కి ఒళ్లు మండి, నచ్చని పనుల మీద వేసే కార్డ్‌వైనర్ బర్డ్ అనే మారుపేరు వేయమన్నారు, రాడెన్‌బెరీ ఒప్పుకోలేదు. వింతేంటంటే ఎల్లిసన్ మొదట రాసిన స్క్రిప్టుకి రైటర్స్ గిల్డ్ అవార్డు వచ్చింది, మార్చి తీసిన ఎపిసోడ్‌కి 1968లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది. రెండు రాతలూ గెలిచాయి! ఇంతకంటే మంచి ఎపిసోడ్ సరుకు ఎవరూ ఇవ్వలేరు.

కథ ఇది: ఓడలోని ఒకరు గతంలోకి వెళ్లడంతో చరిత్ర మారిపోతుంది, అది సరికావాలంటే కెప్టెన్ కిర్క్ ప్రేమించిన ఈడిత్ కీలర్ చనిపోవాలి. ఇప్పుడు దీన్ని కథ చెప్పినట్టు చెప్పకండి. రెండే తేడాలు పట్టుకోండి. ఒకటి, చరిత్ర మారిపోవడానికి కారకుడెవరు: ఎల్లిసన్ రాతలో ఓడలోనే మత్తు సరుకు అమ్ముకునే బెక్‌విత్ అనే దుర్మార్గుడు, తెరమీద పొరపాటున మందు ఎక్కువ ఎక్కి మతిపోయిన ఓడ డాక్టర్ మెకాయ్. రెండోది చివరి నిమిషం: తెరమీద ఈడిత్ కీలర్ లారీ కిందపడకుండా ఆపబోయిన మెకాయ్‌ని కిర్కే పట్టుకుని ఆపేస్తాడు. ఎల్లిసన్ కాగితంమీద కిర్క్ ఆ పని చేయలేక బిగుసుకుపోతాడు, అడ్డుపడేది స్పాక్. ఒక మనిషి ప్రేమ కోసం ప్రపంచాన్ని వదిలేస్తాడా లేదా అన్నదానికి రెండు రాతల్లో రెండు జవాబులున్నాయి, వారం వారం వచ్చే షోకి హీరోగా ఉండాల్సిన కెప్టెన్ ఏ జవాబు ఇవ్వాలన్నది నిర్మాతల తలనొప్పి. నా ఓటు తెరమీద ఉన్న ముగింపుకే, కానీ ఎల్లిసన్ ముగింపు చదివాక నిద్రపట్టదు.

మైకు ముందు ఇద్దరుంటే ఇలా నడిపించొచ్చు, హైదరాబాద్‌లో తమ్ముడు, డల్లాస్‌లో అన్న అనుకుందాం:

"అన్నా, ఎల్లిసన్ మా ఓడ ఇంజనీర్ స్కాటీ చేత డ్రగ్స్ అమ్మించాడని రాడెన్‌బెరీ ఎన్నిచోట్ల చెప్పాడో తెలుసా?"

"చెప్పాడ్రా, నేనూ అదే నిజమనుకున్నా. స్క్రిప్టు అచ్చయి ఉంది కదా, ఏముంది అందులో?"

"స్కాటీ లేనే లేడు. అమ్మేవాడు బెక్‌విత్."

"మరి తిరగరాసిందెవరు?"

"అది ఒక్కరు కాదు. తిరగరాసినవాళ్లలో తానూ ఉన్నానని ఫాంటానా చాలా ఏళ్ల తర్వాత, అదీ ఎల్లిసన్ పుస్తకంలోనే ఒప్పుకుంది."

చూశారా, ప్రతి మాటకీ వెనకాల ఒక కాగితం ఉంది, అయినా పాఠం చెప్తున్నట్టు లేదు. మొత్తం మాటలు రాసుకుని చదవకండి, చదువుతున్నట్టు తెలిసిపోతుంది. తేదీలూ పేర్లూ మాత్రం ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టుకోండి, మధ్యలో ఫోన్లో వెతుక్కుంటే ఊపు పోతుంది. "హాయ్ హలో నమస్తే" అంటూ ఐదు నిమిషాలు సొంత కబుర్లు చెప్పే అలవాటుంటే మానుకోండి. నేరుగా సీన్‌తో మొదలుపెట్టండి. నలభై నిమిషాలు మించితే రెండు భాగాలు చేయండి.

అప్పటి టీవీ పద్ధతి ఒక్కసారి, రెండో ఎపిసోడ్లోనో మూడో ఎపిసోడ్లోనో చెప్పేయండి: ముందు చిన్న టీజర్, తర్వాత నాలుగు అంకాలు, మధ్యలో యాడ్స్, అందుకే ప్రతి అంకం చివరా ఎవరో ఒకరు ప్రమాదంలో పడతారు. బయటి రచయిత ఐడియా చెప్పి, అవుట్‌లైన్ రాసి, ఒకటో డ్రాఫ్టు, రెండో డ్రాఫ్టు ఇచ్చి డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ తర్వాత పాత్రల మాటతీరు కుదిరేలా, బడ్జెట్‌లో పట్టేలా ఆఫీసులో ఉన్నవాళ్లు తిరగరాస్తారు. ఇది తెలిస్తే వినేవాళ్లు ఎల్లిసన్ పక్షమో రాడెన్‌బెరీ పక్షమో తీసుకోవడం మానేసి ఇద్దరి బాధా అర్థం చేసుకుంటారు.

రికార్డింగ్, ఎడిటింగ్

ఒక మాదిరి యూఎస్‌బీ మైకు చాలు, లేదంటే మంచి హెడ్‌సెట్. మైకు కంటే గది ముఖ్యం. టైల్స్ నేల, ఖాళీ గోడలున్న హాల్లో కూర్చుంటే గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది, కాబట్టి మంచం, పరుపు, బట్టల బీరువా ఉన్న చిన్న గదిలో తలుపేసుకుని కూర్చోండి. సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, తప్పదు. మే నెలలో అయితే తెల్లారుజామున పెట్టుకోండి, కుక్కర్ విజిళ్లు, కూరగాయల బండి మైకు గొడవ మొదలవకముందే అయిపోతుంది. ఇద్దరూ వేరే దేశాల్లో ఉంటే కాల్‌లో వచ్చే ఆడియోని రికార్డు చేయకండి, ఎవరి గొంతు వాళ్లు తమ కంప్యూటర్లో విడిగా రికార్డు చేసుకుని, మొదట్లో ఒకసారి ఇద్దరూ చప్పట్లు కొడితే తర్వాత రెండు ఫైళ్లనీ ఆ చప్పుడు దగ్గర కలపొచ్చు. హైదరాబాద్‌లో శనివారం ఉదయం ఏడున్నర అంటే డల్లాస్‌లో వేసవిలో శుక్రవారం రాత్రి తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. వాళ్లు మార్చిలో, నవంబర్లో గడియారాలు మార్చిన వారం ఎవరో ఒకరు గంట ముందో వెనకో వస్తారు, ముందే గుర్తుచేసుకోండి.

ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంతోనే అంతా అయిపోతుంది. "అంటే", "యాక్చువల్లీ" అన్నీ కోసేయకండి, మనిషి మాట్లాడినట్టుండదు. దగ్గులూ, తేదీ గుర్తురాక తడుముకున్న చోట్లూ తీసేస్తే చాలు. లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో స్టీరియో అయితే మైనస్ 16, మోనో అయితే మైనస్ 19 ఎల్‌యూఎఫ్ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) పెట్టండి. మాటలకి మోనో, 96 కేబీపీఎస్ ఎంపీ3 బాగానే ఉంటుంది, నలభై నిమిషాలకి సుమారు 29 ఎంబీ.

పాట, బొమ్మ, హక్కులు

టైటిల్ మ్యూజిక్ వాడకండి, ఎంత చెయ్యి లాగినా సరే. అది అలెగ్జాండర్ కరేజ్ స్వరపరిచింది, హక్కులున్న సంగీతం. (ఆ ట్యూన్ మీదే ఒక ఎపిసోడ్ చేయొచ్చు: షోలో ఎక్కడా పాడని సాహిత్యం దానికి రాసిపెట్టి రాడెన్‌బెరీ రాయల్టీలో సగం తీసుకున్నారు. రచయితల షోలో ఇది చెప్పకపోతే పాపం.) ఊళ్లో కీబోర్డు వాయించే స్నేహితుడి చేత పది సెకన్ల బిట్ చేయించుకోండి. సీన్ల ఆడియో విషయానికొస్తే, మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో విమర్శకీ సమీక్షకీ కొంత వెసులుబాటు ఉంది, కానీ యూట్యూబ్‌లో కాపీరైట్ పట్టే యంత్రం సెక్షన్లు చదవదు, పట్టుకుందంటే దానితో తగువులాడటానికి మీ వారమంతా పోతుంది. ఆ ఒకటి రెండు డైలాగులు మీరే చదవండి, పైగా తెలుగులో సందర్భం చెప్పి చదివితే బాగుంటుంది. కవర్ బొమ్మ మీద ఓడ, యూనిఫాం గుర్తు పెట్టొద్దు. టైప్‌రైటర్ బొమ్మ ఉన్నా సరిపోతుంది. బొమ్మ చదరంగా, 1400 పిక్సెళ్లకి తగ్గకుండా, 3000కి మించకుండా ఉండాలి. ఇది అభిమానులు చేసుకున్నదని, స్టూడియోకి సంబంధం లేదని వివరణలో ఒక లైను రాయండి.

బయటికి వదలడం

హోస్టింగ్‌కి స్పాటిఫై ఫర్ క్రియేటర్స్ ఉచితంగా సరిపోతుంది, అది ఇచ్చే ఆర్‌ఎస్‌ఎస్ లింకుని (కొత్త ఎపిసోడ్లని యాప్‌లకి చేరవేసేది) ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌కి ఇవ్వాలి, యూట్యూబ్‌లో ఒక ప్లేలిస్టు పెట్టి అందులో కూడా వేయాలి, మనవాళ్లలో చాలామంది వినేది అక్కడే. మూడు ఎపిసోడ్లు పూర్తిగా సిద్ధమయ్యేదాకా మొదటిది వదలకండి. ఆఫీసులో రిలీజ్ పడి ఒక వారం పోయినా షో ఆగకుండా ఉంటుంది. పేర్లు పెట్టేటప్పుడు "ఎపిసోడ్ 3" అని కాకుండా "ఖాన్‌కి ఆ పేరెవరు పెట్టారు" లాంటివి పెట్టండి, వివరణలో రచయిత పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి, వెతికేవాళ్లు రెండు రకాలుగానూ వెతుకుతారు.

తప్పులు దొరుకుతాయి. ట్రెక్ ఫ్యాన్స్ తేదీ ఒక్కరోజు అటూ ఇటూ అయినా వదిలిపెట్టరు. దిద్దుబాటుని తర్వాతి ఎపిసోడ్ మొదట్లోనే అర నిమిషంలో చెప్పేసి, పాత ఎపిసోడ్ వివరణలో కూడా రాసి, ముందుకెళ్లండి. గొడవ పడటానికి వచ్చినవాళ్లని మాత్రం "ఏ పుస్తకంలో, ఏ పేజీ?" అని అడగండి. పేజీ చెప్పినవాళ్లని అతిథిగా పిలవండి, వాళ్లకంటే మంచి అతిథి దొరకరు.

ఆరుగురూ అయిపోయాక మీ షో రెండో సీజన్‌కి "ది నెక్స్ట్ జెనరేషన్" అనే తర్వాతి ట్రెక్ సిరీస్ తీసుకోవచ్చు. అక్కడ మొదలుపెట్టాల్సింది 1988 రైటర్స్ సమ్మె దగ్గర. మార్చి నుంచి ఆగస్టు దాకా సాగిన ఆ సమ్మె వల్ల ఆ సిరీస్ రెండో సీజన్ 22 ఎపిసోడ్లకి కుదించుకుపోయింది, తొలి ఎపిసోడ్‌కి 1970ల్లో ఆగిపోయిన వేరే ట్రెక్ షో కోసం రాసిన పాత స్క్రిప్టుని దులిపి వాడారు, ఆఖరిదాంట్లో పాత సీన్లే అతికించారు. ఆ వెంటనే, బయటివాళ్లు ఎవరైనా స్క్రిప్టు పంపొచ్చని రచయితల బృందానికి పెద్దగా వచ్చిన మైకేల్ పిల్లర్ తలుపులు తెరవడం, సెట్ చూడ్డానికి వెళ్లిన రొనాల్డ్ డి. మూర్ అనే ఫ్యాన్ ఇచ్చిన స్క్రిప్టు "ది బాండింగ్"గా 1989లో తెరకెక్కడం. సమ్మెకి ఒక ఎపిసోడ్, మూర్‌కి రెండు పెట్టుకోండి, ఒకదాంట్లో పట్టడు.